రిటర్నల్ రివ్యూ: చచ్చిన ప్రతిసారీ చేతిలో ఏం మిగులుతుంది?

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకునే గేమ్ రిటర్నల్. ఇది 2021 ఏప్రిల్ 30న ప్లేస్టేషన్ 5లో వచ్చింది, 2023 ఫిబ్రవరిలో పీసీకి కూడా వచ్చింది. అంటే కొత్త గేమ్ కాదు. మరి ఇప్పుడెందుకు? సేల్‌లో రేటు తగ్గినప్పుడల్లా మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "బ్రో, అది మరీ కష్టమంట కదా, కొనొచ్చా?" రిలీజ్ అప్పుడు మన దగ్గర దీని ధర 4,999 రూపాయలు. అంత పెట్టి కొని, గంటన్నర ఆడి, చచ్చిపోయి, మళ్లీ మొదటికి రావాలంటే ఎవరికైనా మండుతుంది. కాబట్టి ఈరోజు గ్రాఫిక్స్‌కి ఎన్ని మార్కులు, సౌండ్‌కి ఎన్ని మార్కులు అని లెక్కలు వేయను. ఈ గేమ్ మన టైమ్ తీసుకుని తిరిగి ఏం ఇస్తుంది, ఆ బేరం న్యాయమైనదేనా, అదే చూద్దాం. కథలో ముఖ్యమైన మలుపులేవీ చెప్పను, ధైర్యంగా చూడండి.

ముందు రోగ్‌లైట్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1980లో రోగ్ అనే గేమ్ వచ్చింది. ప్రతిసారీ మ్యాప్ మారుతుంది, చచ్చిపోతే అంతా పోతుంది, మొదటి నుంచి ఆడాలి. ఆ పద్ధతిలో వచ్చినవి రోగ్‌లైక్‌లు. అంత కఠినంగా కాకుండా, చచ్చిపోయినా కొంత మిగిలేలా చేసినవి రోగ్‌లైట్‌లు. మీలో చాలామంది ఆడిన హేడీస్‌నే తీసుకోండి. అందులో చచ్చి ఇంటికి రాగానే అద్దం దగ్గరికి వెళ్లి, తెచ్చుకున్న డార్క్‌నెస్ ఖర్చు పెట్టి బలం పెంచుకుంటాం. యాభైసార్లు చచ్చిన జాగ్రియస్, మొదటి రోజు జాగ్రియస్ కంటే నిజంగానే బలవంతుడు. ఓడిపోయినా ఏదో ఒక నంబర్ పెరుగుతుంది.

రిటర్నల్‌లో ఆ ఓదార్పు దాదాపు ఉండదు. అసలు విషయం అక్కడే ఉంది.

దీన్ని చేసింది ఫిన్లాండ్‌లోని హెల్సింకికి చెందిన హౌస్‌మార్క్. 1995 నుంచి ఉన్న స్టూడియో. రెసోగన్, నెక్స్ మెషీనా లాంటి ఆర్కేడ్ షూటర్లు వీళ్లవే. నెక్స్ మెషీనాకి రివ్యూలు బాగా వచ్చాయి గానీ అమ్మకాలు రాలేదు. 2017 చివర్లో "ఆర్కేడ్ చచ్చిపోయింది" అని వాళ్లే బహిరంగంగా ప్రకటించారు. ఆ తర్వాత వచ్చిన పెద్ద గేమే రిటర్నల్. తమాషా ఏంటంటే, ఆర్కేడ్ చచ్చిందన్నవాళ్లు దాన్ని పూడ్చిపెట్టలేదు. పెద్ద బడ్జెట్ త్రీడీ గేమ్ లోపల దాచిపెట్టారు. 2021 జూన్‌లో ఈ స్టూడియోని సోనీ కొనేసింది.

కథ సింపుల్‌గా చెప్తా. సెలీన్ ఒక అంతరిక్ష స్కౌట్. వైట్ షాడో అనే సిగ్నల్ వెంటపడి, వద్దని ఆర్డర్స్ ఉన్నా అట్రోపోస్ అనే గ్రహం మీదికి వస్తుంది. ఓడ కూలిపోతుంది. బయటికి వచ్చి నాలుగు అడుగులు వేస్తే ఒక శవం కనిపిస్తుంది. దగ్గరికి వెళ్లి చూస్తే అది తనే. పక్కనే ఆడియో రికార్డింగ్, అందులో ఉన్నది తన గొంతే. చచ్చిన ప్రతిసారీ ఓడ కూలిన ఆ క్షణానికే మళ్లీ వస్తుంది. మన భాషలో చెప్పాలంటే పునర్జన్మ, కాకపోతే ఇక్కడ పూర్వజన్మ జ్ఞాపకాలు పోవు. గ్రీకు పురాణాల్లో అట్రోపోస్ ప్రాణమనే దారాన్ని కత్తిరించే దేవత. ఆ పేరున్న గ్రహం మీద మాత్రం ఆ దారం తెగనే తెగదు.

ఇక ఆట. ఇందులో నిలబడి కాల్చడం అనేది లేదు, నిలబడితే పోయినట్టే. శత్రువులు వదిలే నీలం, ఎరుపు గోళాలు స్క్రీన్ నిండా దీపావళి లాగా వస్తాయి. వాటి మధ్య పరిగెత్తాలి, దూకాలి, డాష్ కొట్టాలి. డాష్ కొట్టిన ఆ క్షణంలో బుల్లెట్లు మనల్ని తాకవు. కాబట్టి వెనక్కి పారిపోవడం కంటే బుల్లెట్ల గోడలోకే దూసుకెళ్లడం చాలాసార్లు మంచిది. ఇది మన సహజ బుద్ధికి పూర్తిగా వ్యతిరేకం, చేతికి అలవాటయ్యేదాకా కొన్ని రోజులు పడుతుంది.

గన్‌కి బుల్లెట్ల కొరత లేదు, కానీ కాసేపు కాల్చాక మళ్లీ సిద్ధమవ్వాలి. ఆ టైమ్‌లో ఒక చిన్న గీత కదులుతుంది. సరైన చోట ట్రిగ్గర్ నొక్కితే వెంటనే రెడీ, లేదంటే ఆగాలి. దీన్ని ఓవర్‌లోడ్ అంటారు. ప్లేస్టేషన్ కంట్రోలర్‌లో ఎడమ ట్రిగ్గర్ సగం నొక్కితే గురి, పూర్తిగా నొక్కితే గన్ రెండో ఫైర్. వినడానికి గందరగోళంగా ఉంటుంది గానీ, రెండు గంటల తర్వాత వేలు తనంతట తనే చేస్తుంది.

అన్నిటికంటే నాకు నచ్చింది అడ్రినలిన్. దెబ్బ తినకుండా ముగ్గురిని చంపితే ఒక లెవెల్ పెరుగుతుంది, అలా 5 దాకా. ఒక్కో లెవెల్‌కి ఒక్కో లాభం: ఓవర్‌లోడ్ మెరుగవుతుంది, కత్తి దెబ్బ పెరుగుతుంది, ఇలా. ఒక్క దెబ్బ తగిలితే చాలు, మొత్తం సున్నా. చిన్నప్పుడు వీధి క్రికెట్‌లో నలభై కొట్టాక వచ్చే టెన్షన్ గుర్తుందా? సరిగ్గా అదే. బాగా ఆడుతున్నకొద్దీ పోగొట్టుకునేది పెరుగుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. చచ్చిపోతే ఏం పోతుంది? పెంచుకున్న ప్రాణశక్తి పోతుంది, దొరికిన ఆర్టిఫ్యాక్ట్‌లు పోతాయి, ఓబొలైట్లు అంటే అక్కడి డబ్బులు పోతాయి, మంచి గన్ పోతుంది. ఏం మిగులుతుంది? కత్తి, తాడు పట్టుకుని ఎగిరే పరికరం లాంటి కొన్ని సామాన్లు, ఈథర్ అనే వనరు, గన్‌లలో అన్‌లాక్ చేసిన లక్షణాలు. ఒకసారి చంపిన బాస్‌ని దాటి ముందుకెళ్లడానికి మళ్లీ చంపాల్సిన పనిలేదు. మూడో బాస్ అయ్యాక కథ రెండో భాగానికి వెళ్తుంది, అక్కడి నుంచి మొదలయ్యే చోటు కూడా మారుతుంది. అంతే. సెలీన్ మాత్రం పెద్దగా బలపడదు.

మరి ముందుకెలా వెళ్తాం? మనం బలపడతాం కాబట్టి.

ఈ ఛానల్ పెట్టకముందు నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. అందుకే ఏ గేమ్ చూసినా ఇందులో రాండమ్ ఎక్కడుంది, ఎక్కడ లేదు అనేదే ముందు వెతుకుతా. రిటర్నల్‌లో గదులు మనుషులు కూర్చుని డిజైన్ చేసినవే. అవి ఏ వరసలో వస్తాయి, లోపల ఎవరుంటారు, ఏ సామాను దొరుకుతుంది అనేదే మారుతుంది. శత్రువు దాడి చేసే పద్ధతి మాత్రం మారదు. టెస్ట్ కేసులు మారతాయి గానీ స్పెక్ మారదన్నమాట. మొదటి బాస్ ఫ్రైకీ దగ్గర నేను పదకొండుసార్లు చచ్చాను. పన్నెండోసారి చంపినప్పుడు నా దగ్గరున్నది గొప్ప గన్ ఏమీ కాదు. నేల మీద వచ్చే వలయాన్ని ఎప్పుడు దూకాలో, గోళాల మధ్య సందు ఎటు వస్తుందో కళ్లకి తెలిసిపోయింది, అంతే. రోజూ లాగిన్ అయితే నాణేలిచ్చే ఫోన్ గేమ్‌లు మనకి పెరుగుతున్నామనే ఫీలింగ్ అమ్ముతాయి. అకౌంట్ డిలీట్ చేస్తే ఆ ఫీలింగ్ కూడా పోతుంది. రిటర్నల్ సేవ్ ఫైల్ డిలీట్ చేసి చూడండి, ఫ్రైకీ మళ్లీ అంత కష్టం కాదు. ఆ అప్‌గ్రేడ్ మీ చేతుల్లో ఉంది, దాన్ని ఎవరూ డిలీట్ చేయలేరు.

అలాగని అదృష్టానికి చోటు లేదని కాదు. ఇక్కడ ప్రతి బహుమతికీ ఒక షరతు ఉంటుంది. పారాసైట్ అనే పురుగుని ఒంటికి తగిలించుకుంటే ఒక లాభం, ఒక నష్టం. ఉదాహరణకి ప్రాణం తగ్గినప్పుడు మెల్లగా నయమవుతుంది, కానీ చంపిన శత్రువు చోట యాసిడ్ మిగులుతుంది. కొన్ని పెట్టెలకి ఊదారంగు పొగ ఉంటుంది. తెరిస్తే మంచి సామాను దొరకచ్చు, సూట్ కూడా పాడవ్వచ్చు. ఈథర్ ఖర్చు పెడితే ఆ శాపం పోతుంది, కానీ తర్వాత అవసరానికి ఈథర్ ఉండదు. శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లో డిప్లాయ్ చేయాలా వద్దా అని ఆలోచించినవాళ్లకి ఈ బాధ బాగా అర్థమవుతుంది.

ఇక లోపాలు. ఒకటి, కొన్ని రన్‌లు మొదటి పది నిమిషాల్లోనే చప్పగా ఉంటాయి. నచ్చని గన్, పనికిరాని పారాసైట్లు. గెలవచ్చు, కానీ ఈదాలి. రెండు, ఇరవై గంటలు దాటాక గదులు గుర్తుపట్టేస్తాం, కొత్తదనం తగ్గుతుంది. మూడు, ఈజీ మోడ్ లేదు. చేతుల వేగం తక్కువ ఉన్నవాళ్లకి, ఏదైనా శారీరక ఇబ్బంది ఉన్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. "ఓపిక ఉంటే వస్తుంది" అని వాళ్లకి నేను చెప్పలేను.

నాలుగోది పెద్దది: టైమ్. ఒక రన్ సులువుగా గంటన్నర, రెండు గంటలు పోతుంది. రిలీజ్ అయినప్పుడు మధ్యలో ఆపి సేవ్ చేసే మార్గమే లేదు. కన్సోల్‌ని రెస్ట్ మోడ్‌లో పెట్టి వెళ్లాలి. ఎండాకాలంలో మన ఊళ్లలో అది ఎంత పెద్ద జూదమో చెప్పక్కర్లేదు. కరెంటు పోతే రన్ కూడా పోతుంది. 2021 అక్టోబర్‌లో వచ్చిన అప్‌డేట్‌లో సస్పెండ్ సైకిల్ పెట్టారు. ఇప్పుడు ఆపి, కన్సోల్ కట్టేసి, రేపు అక్కడి నుంచే ఆడచ్చు. మళ్లీ మొదలుపెట్టగానే ఆ సేవ్ చెరిగిపోతుంది కాబట్టి చీటింగ్‌కి కుదరదు. ఇది మొదటి రోజే ఉండాల్సింది. కష్టమైన గేమ్ చేయడం వేరు, ఆడేవాళ్ల జీవితాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం వేరు. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు ఉన్నవాళ్లు బాస్ ముందు ఓడిపోతే ఒప్పుకుంటారు, కరెంటు ముందు ఓడిపోతే ఒప్పుకోరు.

కథ విషయం ఒక్కమాట. అడవి మధ్యలో ఒక ఇల్లు కనిపిస్తుంది, భూమ్మీద సెలీన్ ఉన్న ఇల్లు. లోపలికి వెళ్లినప్పుడు గేమ్ ఫస్ట్ పర్సన్‌కి మారుతుంది, గన్ ఉండదు. కొంచెం కొంచెంగా అర్థమయ్యేది ఏంటంటే, ఈ చక్రం గ్రహానిది మాత్రమే కాదు, ఆమె మనసుది కూడా. వదిలించుకోలేని ఒక బాధ చుట్టూ తిరిగే మనిషి కథని, చచ్చి మళ్లీ మొదటికొచ్చే ఆట రూపంలో చెప్పారు. అన్నీ విప్పి చెప్పదు, అది కొందరికి చిరాకు. కానీ జేన్ పెర్రీ గొంతు, బాబీ కర్లిక్ సంగీతం ఆ ఖాళీలని నింపుతాయి. 2022 బాఫ్టా గేమ్స్ అవార్డుల్లో ఇద్దరికీ అవార్డులొచ్చాయి, ఉత్తమ గేమ్ కూడా ఇదే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడండి, శత్రువు వెనక ఎటు ఉన్నాడో చెవికే తెలుస్తుంది.

మరి కొనాలా? వారానికి రెండు మూడు సాయంత్రాలు గంటన్నర దొరికితే, ఓడిపోయాక "ఇంకొక్కసారి" అనే టైప్ అయితే, కొనండి, సేల్‌లో అయితే ఇంకా మంచిది. రోజూ అరగంటే దొరికేవాళ్లు హేడీస్‌తో మొదలుపెట్టండి. పీసీలో ఆడేవాళ్లకి కనీసం 16 జీబీ ర్యామ్ కావాలి. 2022 మార్చిలో ఉచితంగా వచ్చిన అసెన్షన్ అప్‌డేట్‌తో ఇద్దరు కలిసి ఆన్‌లైన్‌లో ఆడచ్చు, ఒకరు పడిపోతే ఇంకొకరు లేపచ్చు. కష్టం భయపెడితే ఒక ఫ్రెండ్‌ని పట్టుకోండి.

మొదలుపెట్టేవాళ్లకి మూడు చిట్కాలు. ప్రాణం నిండుగా ఉన్నప్పుడు పచ్చగా మెరిసే సిల్ఫియం తీసుకోండి, అది రెసిన్‌గా మారి గరిష్ఠ ప్రాణాన్ని పెంచుతుంది. మొదటి ప్రాంతాన్ని పూర్తిగా తిరిగాకే బాస్ దగ్గరికి వెళ్లండి. ముఖ్యమైనది మూడోది: వరసగా మూడుసార్లు ఒకే చోట చస్తే ఆపేసి పడుకోండి. పొద్దున్నే అదే గదిలోకి వెళ్తే చెయ్యి దానంతటదే దారి చూపిస్తుంది.

మీరు ఏ బాస్ దగ్గర ఇరుక్కున్నారో చెప్పండి. వీడియో ఉపయోగపడితే కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న మీ ఫ్రెండ్‌కి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.