నా చిత్రాలలో ముఖాలు ఎందుకు లేవు?

(ప్రొద్దుటూరులో జరిగిన మహిళల సమావేశంలో ఒక చిత్రకారిణి చేసిన ప్రసంగ పాఠం)



గోడకు ఆనించి ఉన్న ఈ మూడు చిత్రాలను చూసి ఇందాక ఒక అక్క, "ఇవి బొమ్మలా, పరుపులా?" అని అడిగింది. వేళాకోళానికి అన్నదేమో గాని, నాకు ఆ ప్రశ్న నచ్చింది. మాది దూదేకుల కుటుంబం. దూది ఏకడం, పరుపులు కుట్టడం మా వృత్తి. రంగు, గుడ్డ, దూది, గోనె, కాగితం కలిపి చేసే ఈ పద్ధతిని మిశ్రమ మాధ్యమం అంటారని పెద్దయిన తరువాతే తెలుసుకున్నాను. మా అవ్వ దానిని బొంత అనేది.

మొదటి చిత్రం జమ్మలమడుగుది. పెన్న ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళోనే నేను పుట్టాను. చెక్కపలక మీద ఎర్రమట్టిని జిగురుతో కలిపి పూశాను. దానిపైన దూది పరిచి, అడ్డంగా ఒక నారిని బిగించాను. ఈ తరం పిల్లలు ఏకుడు విల్లును చూసి ఉండరు. కొయ్యగుండుతో కొట్టేది దూదిని కాదు, నారిని. అది అదిరినప్పుడల్లా దూదిలోని చిక్కు విడిపోయి, గింజ నలుసూ ధూళీ రాలిపోతాయి. తాత ఏకేవాడు, అవ్వ కుట్టేది. ఆ మోతే మాకు తెల్లవారుజాము గుర్తు. యంత్రాలు వచ్చాయి, వాటి వెనుకే ఫోము పరుపులు వచ్చాయి. విల్లు అటక ఎక్కింది. చిత్రం అడుగున దూది నల్లబడి ఉండటం చూశారు కదా, అది పనిలోపం కాదు. జీవితమంతా దూది ధూళి పీల్చిన తాత దగ్గు అది. దూది రంగును నిలువనీయదు, తాగేస్తుంది. పలుచని జిగురు మూడు పూతలు పూసి, ఆరిన తరువాతే ఆ నలుపు నిలిచింది.

రెండవది పులివెందులది, నా మెట్టినిల్లు. గోనెసంచి మీద ఎండిన చీనీ తొక్కలు కుట్టాను. బోర్లు ఎండి, చెట్లు ఎండి, మేము ప్రొద్దుటూరుకు వచ్చేశాం. మెట్టినింటి సంగతులు సభలో ఎక్కువగా చెప్పరాదు కనుక ఇంతటితో ఆపుతాను.

మూడవదాని గురించే మీతో మాట్లాడాలని వచ్చాను.

2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు మీ ఇళ్ళలో ఏం జరిగిందో మా ఇంట్లోనూ అదే జరిగింది. ట్రంకుపెట్టె తెరిచాం. అవ్వ కాగితాలన్నీ నేల మీద పరిచాం. రేషన్ కార్డులో ఆమె పేరు చివర 'బీ' అని ఉంది, ఓటరు కార్డులో 'బేగం' అని, పింఛను పుస్తకంలో 'అమ్మ' అని ఉంది. ముగ్గురూ ఒక్క మనిషే. రాసినవాడు ఎలా వింటే అలా రాశాడు. అవ్వకు చదువు రాదు గనుక ఏమి రాశారని అడగలేదు. ఆ కాగితాలకు జిరాక్సులు తీయించి పలక మీద అతికించాను. కొన్నింటి మీద కలంతోనూ పేరు రాశాను. తడి జిగురు తగలగానే కలం రాత చెదిరిపోయింది. జిరాక్సు అక్షరం మాత్రం చెక్కుచెదరలేదు. తప్పుగా అచ్చయినదే నిలిచింది, నేను సరిగా రాసింది కరిగిపోయింది.

ఇక ముఖాల సంగతి. ప్రాణుల రూపాలు చిత్రించే విషయంలో మన పెద్దల అభిప్రాయాలను నేను గౌరవిస్తాను. అయితే ఇక్కడ ముఖం లేకపోవడానికి అసలు కారణం వేరు. అవ్వకు వేరే ఫోటో లేదు, రేషన్ కార్డులో ఉన్నదే. జిరాక్సుకు జిరాక్సు తీయగా తీయగా అది నల్లని చతురస్రమైంది. నేను చేసిందల్లా దానిని పెద్దది చేయడమే.

అలీగఢ్‌లో 1937లో పుట్టి, 2020లో లండన్‌లో కన్నుమూసిన జరీనా హాష్మీ 1999లో 'హోమ్ ఈజ్ ఏ ఫారిన్ ప్లేస్' అనే పేరుతో 36 కొయ్య అచ్చుల చిత్రాలు చేశారు. ఒక్కొక్క చిత్రానికీ ఒక్కొక్క ఉర్దూ మాట. అందులోనూ ముఖం లేదు. గడప, గోడ, ఇల్లు వంటి మాటలకు గీతలే ఉన్నాయి. అంత పెద్ద కళాకారిణితో పోల్చుకోవడం లేదు గాని, ఆ గీతలను పుస్తకంలో చూసిన రోజు నాకు ధైర్యం వచ్చింది.

మా అమ్మాయి ఇంటర్మీడియట్ పూర్తి చేసిన ఏడాది కుల ధ్రువీకరణ పత్రానికి వెళ్ళాం. "ముస్లిం అని రాశారు, దూదేకుల అనీ రాశారు, ఏదో ఒకటి తేల్చుకోండి" అన్నారు అక్కడ. 1970 నుండి దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా పేర్లు బీసీ బి జాబితాలో ఉన్నాయి. మరికొన్ని ముస్లిం వర్గాలకు 2007 చట్టం బీసీ ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ఇవి తెలియనివారు బల్లకు ఆవలి వైపున కూర్చుంటే మనం మూడుసార్లు తిరగాలి. ఇంకొక మాట కూడా, కటువుగా ఉన్నా, మన మధ్యనే చెప్పుకోవాలి. సాయిబులు లేని ఊళ్ళో మేము సాయిబులమని సామెత చెప్పి నవ్వినవారిలో మనవాళ్ళూ ఉన్నారు. ఆఫీసులో అడిగిన ప్రశ్నా, పెళ్ళిపందిట్లో నవ్విన నవ్వూ నా కూతురికి ఒకేలా తగిలాయి.

"మరి మనం ఎవరం అమ్మా?" అని ఆమె దారిలో అడిగింది. నేను అప్పటికి జవాబు చెప్పలేదు. ఇంటికి వచ్చి ఈ చిత్రం కుడివైపు మూల కాగితాలు గీకి తీసి, ఖాళీ చేశాను.

ఇక్కడున్న కార్యకర్తలకు ఒక విన్నపం. సభలు పెట్టినప్పుడు ఒక గంట సమయం తీసి, ఆడవాళ్ళ కార్డులన్నీ పక్కపక్కన పెట్టి పేర్లు పోల్చండి. పిల్లల చదువు ఆగిపోయే ముందే ఆ పని జరగాలి.

చివరకు పత్రం వచ్చింది. అమ్మాయి దానికి జిరాక్సు తీయించి తెచ్చి, "ఆ మూల అతికించమ్మా" అంది. చూస్తే ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు. సవరణకు దరఖాస్తు పెట్టాం. సరిచేసిన కాగితం వచ్చేదాకా ఆ మూల అలాగే ఉంటుంది. దగ్గరికి వచ్చి చూడండి, చేత్తో తాకినా ఏమీ కాదు.