వృత్తిపరివర్తనము

 

వృత్తి, పరివర్తనము అను రెండు శబ్దములును 'వృత్' అను నొక్క ధాతువునుండియే పుట్టినవి. జీవనోపాయమును దెలుపు మాటలోనే మార్పునకును మూల మున్నది. అయినను నడివయస్సున వృత్తి మార్చుకొనువానిని లోకము జాలితోనో చులకనతోనో చూచుచున్నది. ఈ విషయమునే నేడు మనవి చేయదలచితిమి.

మన స్వర్ణకారుల చరిత్రమే యిందుకు దృష్టాంతము. 1963 వ సంవత్సరము జనవరిలో కేంద్రప్రభుత్వము బంగారు నియంత్రణమును విధించి, 14 క్యారట్లకు మించిన మేలిమితో క్రొత్తనగలు చేయరాదని శాసించెను. 22 క్యారట్ల పని నేర్చిన చేతులకు పని లేకపోయెను. కుంపట్లు చల్లారెను. దేశమున కొందఱు ప్రాణములు తీసికొనిరి. పెక్కండ్రు కూలిపనులకు బోయిరి. 1966 లో ఆ 14 క్యారట్ల నిబంధనము తొలగెను. 1968 నాటి బంగారు నియంత్రణచట్టము 1990 లో రద్దయ్యెను. కాని విడిచిన పటకారును మరల బట్టినవారు అందఱును గారు.

నేడు యంత్రపుటచ్చుల నగలు వచ్చి కుంపటికడ కూర్చున్నవాని పని తగ్గించుచున్నవి. ఇట్టి వేళ, వృత్తి పోయినను విద్య పోదని గ్రహింపవలెను. మైనపుటచ్చునుండి లోహము పోసి పంటికి తొడుగు చేయు పని దంతవైద్యమునకు సంబంధించిన కర్మశాలలలో గలదు. పుటముపెట్టి మేలిమి తేల్చుట హాల్‌మార్కు పరీక్షాకేంద్రములలో నేటికిని ప్రమాణమైన పద్ధతి. ఆ ముద్ర 2021 జూనులో మొదట 256 జిల్లాలలో తప్పనిసరి యయ్యెను. ఇట్టి పనులలో బ్రవేశించు స్వర్ణకారుడు ఓనమాలనుండి మొదలుపెట్టనక్కఱలేదు.

అయినను అడ్డంకులు రెండున్నవి. మొదటిది సిగ్గు. చిరకాలము పాఠములు చెప్పిన మేము ఎఱిగిన దొక్కటి: తెలియదని చెప్పగలవాడే త్వరగా నేర్చును. బాలునకు అది సులభము. నలువదేండ్ల గృహస్థునకు కష్టము. తనకంటె చిన్నవానికడ కూర్చుండి నేర్చుకొనుట అవమానము కాదని ఇంటివారును ఇరుగుపొరుగువారును చెప్పవలెను.

రెండవది కడుపు. క్రొత్తపని నేర్చుకొను నెలలలో ఇంటి బియ్యము, బిడ్డల బడిజీతము ఎవరు చూతురు? ఈ భయముచేతనే పెక్కండ్రు రాబడి లేని పనినే పట్టుకొని అప్పుల పాలగుచున్నారు.

విద్యార్థివేతనము లిచ్చు దాతలారా! బాలురకిచ్చునది ఇచ్చుచునే యుండుడు. దానితోపాటు, మరల విద్యార్థియగు తండ్రికిని గ్రాసము కల్పింపుడు. ఏటేట ఇద్దఱు ముగ్గురు గృహస్థులకైనను ఒక సంవత్సరము ఇల్లు గడచునట్లు ఒక నిధి నేర్పఱుపుడు. ఆ తండ్రి నిలిచిన, అతని బిడ్డల చదువును నిలుచును.

ఈ విన్నపమును సభవారు ఆలోచింతురుగాక యని కోరుచు విరమించుచున్నాము.