రోకలి చెప్పిన పాఠం



నేను సూర్యాపేటలో సాంఘిక శాస్త్రం చెప్పే ఉపాధ్యాయినిని. ఒకరోజు ఎనిమిదో తరగతిలో నిజాం కాలం నాటి వెట్టిచాకిరి పాఠం చెబుతున్నాను. ఒక పిల్ల లేచి, "టీచర్, వెట్టికి జీతం తక్కువ ఇచ్చేవాళ్ళా, అసలు ఇచ్చేవాళ్ళే కాదా?" అని అడిగింది. "అసలు లేదమ్మా" అన్నాను. "మరి ఎందుకు చేశారు? మానెయ్యొచ్చు కదా!" అంది.

పరీక్షలో రాయడానికి సరిపోయే జవాబేదో చెప్పి కూర్చోబెట్టాను గానీ, ఇంటికొచ్చి అన్నం వార్చుకుంటున్నా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఏళ్ళ తరబడి ఆ పాఠం చెబుతున్నాను. వెట్టి చేసిన మనిషి చేతుల సంగతి నాకేం తెలుసు?

ఈ మాట కోదాడలోనూ మిర్యాలగూడలోనూ పనిచేసే నా స్నేహితురాళ్ళతో అంటే, వాళ్ళదీ అదే బాధ. అందులో ఒకావిడ అమెరికా సంగతి చెప్పింది. వర్జీనియా రాష్ట్రంలో విలియమ్స్‌బర్గ్ అనే ఊరుంది. ఇంగ్లీషువాళ్ళ వలస పాలనలో అది అక్కడి రాజధాని. ఆ నాటి ఇళ్ళను, కమ్మరి కొలుములను, వంటిళ్ళను మళ్ళీ నిలబెట్టి, ఆ కాలపు దుస్తులు వేసుకొని, ఆ పనులు చేసి చూపిస్తారట. ఉపాధ్యాయులు అక్కడికి వెళ్ళి కొన్నాళ్ళుండి, స్వయంగా చూసి, చేసి నేర్చుకుని వస్తారు. మనకు అంత హంగు ఎక్కడిది? అయినా రోలూ రోకలీ ఉన్నాయి కదా, మూడు ఆదివారాలు మనమూ ప్రయత్నిద్దాం అనుకున్నాం.

మొదటి ఆదివారం కోదాడలో కలిశాం. కోదాడ దాటి కొంచెం ముందుకు పోతే జగ్గయ్యపేట. ఇవాళ బస్సులో కునుకు తీసేలోగా వచ్చేస్తుంది. ఆ రోజుల్లో మాత్రం అటువైపు ఇంగ్లీషువాళ్ళ మద్రాసు రాజధాని, ఇటువైపు నిజాం రాజ్యం. అటు చెల్లేది కల్దారు రూపాయి, ఇటు చెల్లేది హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్లు. మేం చింతగింజలను హాలీలుగా, గవ్వలను కల్దార్లుగా పెట్టుకొని బేరాలాడాం. ముప్పై ఐదు చింతగింజలు పట్టుకుపోయిన టీచరు చేతికి ముప్పై గవ్వలే వచ్చాయి. "అయ్యో, నా అయిదూ ఏమయ్యాయి?" అని ఆవిడ నిజంగానే కంగారు పడింది. అవెక్కడికీ పోలేదనీ, రూపాయి విలువలోనే తేడా ఉందనీ తేలేసరికి చాలాసేపు పట్టింది. ఇక వందకు, నూటపదికి లెక్క కట్టమంటే, లెక్కల టీచరు కూడా కాగితం అడిగింది! చదువురాని ఆడమనిషి సంతలో ఈ లెక్క ఎలా నెగ్గుకొచ్చేదో మీరే ఊహించండి.

పిల్లలు తరచూ, "మన ఊళ్ళో తెల్లదొరలు లేరుగా టీచర్, మనకు బ్రిటిష్ పాలన ఎక్కడిది?" అంటారు. తెల్లదొర కంటికి కనబడకపోయినా 1798 సంధి నాటినుంచి నిజాము ఇంగ్లీషు సైన్యం నీడలోనే ఉన్నాడు. హైదరాబాదు కోఠీలో వాళ్ళ రెసిడెంటు కూర్చుని ఉండేవాడు. పైన కంపెనీ, తర్వాత బ్రిటిష్ సర్కారు. దాని కింద నిజాము, నిజాము కింద దేశ్‌ముఖులు, దొరలు. ఆ బరువంతా చివరికి ఎవరి నెత్తిన పడిందో రెండో ఆదివారం తెలిసింది.

ఆ రోజు మిర్యాలగూడలో కలిశాం. సాగరు ఎడమ కాలువ నీళ్ళు వచ్చాక ఆ ఊరు రైసుమిల్లులకు పెట్టింది పేరు. అలాంటి ఊళ్ళో మేం రోకళ్ళు పట్టుకొని మానెడు వడ్లు దంచడానికి కూర్చుంటే వీధివాళ్ళంతా నవ్వారు. మాకు నేర్పడానికి తొంభై ఏళ్ళు దాటిన ఒక అవ్వను బతిమాలి తెచ్చుకున్నాం. పావుగంట దంచేసరికి అరచేతులు కందిపోయాయి. సగం గింజలు రోలు బయటికే చిందాయి. "గట్ల కాదు బిడ్డా, రోకలిని నువ్వు గుద్దుడు కాదు, దాని బరువుతోని అది దిగాలె" అని అవ్వ సర్ది చెప్పింది. ఆయాసపడుతూ రోకళ్ళు గోడకు చేర్చి టీ తాగాం. చెరిగి చూసుకుంటే బియ్యం కన్నా నూకలే ఎక్కువ.

అవ్వ మెల్లగా అంది: "మా అమ్మ గడీల దంచేది. నేను వెంట పోయేదాన్ని. ఇంట్ల పసిపోరడు ఏడుస్తున్నా వచ్చెటందుకు లేదు. నూకలు గూడ కొంగున కట్టుకోనియ్యకపోయేది. మీకు అలసటయింది, రోకలి పక్కకు పెట్టిన్రు, చాయ తాగిన్రు. దంచుడు నేర్పుతా గని, ఆ భయం ఎట్ల నేర్పాలె బిడ్డా?"

మాలో ఎవరికీ నోట మాట రాలేదు. అవ్వ మాటలో నా విద్యార్థిని ప్రశ్నకు జవాబు దొరికింది. భూమి దొరది, పటేలు పట్వారీలు దొర పక్షం, తాత చేసిన అప్పు మనవడి నెత్తిన. మానేసి ఎక్కడికి పోతారు?

మూడో ఆదివారం సూర్యాపేటలో. ఒక టీచరు ఉత్సాహంగా, "పిల్లలతో నాటకం వేయిద్దాం. ఒకరు దొర, కొందరు వెట్టివాళ్ళు" అంది. అందరం బాగుందన్నాం. మాలో ఒక చెల్లెలు మాత్రం తల వంచుకొని కూర్చుంది. కాసేపటికి, "మా నాయనమ్మ వెట్టి చేసింది. రేపు క్లాసులో ఆ వేషం ఎవరికిస్తారో నాకు తెలుసు. ఆ పిల్ల మర్నాడు బడికి ఎలా వస్తుంది?" అంది. అంతవరకూ ఆ సంగతే మాకు తట్టనందుకు సిగ్గుపడ్డాం. విలియమ్స్‌బర్గ్‌లో కూడా 1994లో బానిసల వేలం పాటను అభినయించి చూపినప్పుడు పెద్ద వివాదమే రేగింది. పనిని పిల్లల చేత చేయించవచ్చు, అవమానాన్ని చేయించకూడదు. నాటకం మానుకున్నాం.

దాని బదులు రోలూ రోకలీ బడికి తీసుకెళ్ళాను. పిల్లలూ పిల్లవాళ్ళూ తేడా లేకుండా ఒక్కొక్కరూ ఇరవై పోట్లు వేశారు. తర్వాత అవ్వ మాటలు చదివి వినిపించాను. ప్రశ్న అడిగిన ఆ పిల్ల తన అరచేతులు చూసుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు.

సోదరీమణులారా, ఈ చరిత్రలో ఆడవాళ్ళు కష్టపడటమే కాదు, ఎదురు తిరగడమూ ఉంది. మా సూర్యాపేట తాలూకా కరివిరాల కొత్తగూడెంలో భూస్వామి ఇంట పుట్టిన మల్లు స్వరాజ్యం, పసివయసులోనే పెద్దలను కాదని వెట్టివాళ్ళకు బియ్యం పెట్టి, తర్వాత సాయుధ పోరాటంలోకి నడిచింది. 2022లో కన్నుమూసింది. ఆమెవీ, ఆ పోరాటంలోని మరికొందరు స్త్రీలవీ మాటలు వాళ్ళ నోటనే విని రాసుకుని, స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకం వేసింది. ఆనాడు ఆ ఆడపిల్లలు వెళ్ళి అడగబట్టి ఆ మాటలు మనకు దక్కాయి.

ఇప్పుడు అడగడానికి మిగిలినవాళ్ళు కొద్దిమందే. మీ ఇంట్లో అత్తగారో, వాళ్ళ అత్తగారో, పక్కింటి అవ్వో ఉంటే ఒక మధ్యాహ్నం దగ్గర కూర్చోండి. "నీ చిన్నప్పుడు ఎట్లుండె?" అని పెద్ద ప్రశ్న వేస్తే, "ఏముంది, అట్లనే ఉండె" అంటారు. "వడ్లు ఎక్కడ దంచేవారు? నూకలు ఎవరు తీసుకునేవారు? సంతకు ఏ పైసలు పట్టుకుపోయేవారు?" అని అడగండి. చెప్పింది చెప్పినట్టు వాళ్ళ మాటలోనే రాసుకోండి. చెప్పడానికి ఇష్టపడని చోట బలవంతపెట్టకండి. అటక మీది పాత కుంచమో, పొన్ను ఊడిన రోకలో కనబడితే పాతసామాను వాడికి వేసేముందు ఒక్కసారి పిల్లల చేతికివ్వండి.

మా అవ్వ దగ్గరికి నేను మళ్ళీ వచ్చే ఆదివారం వెళుతున్నాను. నోటుబుక్కు తీసుకుపోతున్నాను, రోకలి మాత్రం కాదు.