క్రొత్త వ్యాపారము – పెద్దల బాధ్యత
(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున, మాలూరులో తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయుల ఉపన్యాసము)



పాఠశాల ప్రగతిని గూర్చి తాము నివేదికలో వినియున్నారు. కావున నేను వేరొక విషయమును మనవి చేయదలచితిని. మన పూర్వవిద్యార్థులలో పలువురు నేడు ఉద్యోగముకన్న సొంత వ్యాపారమే మేలని తలచుచున్నారు. దానినే వారు స్టార్టప్ అనుచున్నారు. ఆలోచన మంచిదే. కాని పెట్టుబడి యెక్కడిది? బెంగుళూరు సమీపమగుటచే మన తాలూకాలో భూముల వెలలు పెరిగినవి. కావున పిల్లవాని చూపు మొదట పొలముపైననే పడుచున్నది. పొలము ఒకమారు చేజారిన మరల రాదు. పిల్లవాని ఉత్సాహము విరిగినను అంత సులభముగా తిరిగి రాదు. ఈ రెంటిని కాపాడుకొను మార్గమును గూర్చియే నా నాలుగు మాటలు.

నేను వర్తకుడను గాను. అయినను మనకు పాఠము చెప్పుటకు పొరుగుననే ఒక గొప్ప ఉదాహరణము కలదు. బంగారుపేటకు ఆవల నున్న కోలారు బంగారు గనులను ఎరుగనివారు ఈ సభలో లేరు. 1802లో వారెన్ అను సైనికోద్యోగి ఆ ప్రాంతమున గ్రామస్థులు మన్ను కడిగి బంగారము తీయుటను గూర్చి వ్రాసియుంచెను. ఆ వ్రాతను చదివి లావెల్ అను ఐరిష్ సైనికుడు 1875లో అనుమతి పొంది ఊరిగాము చెంత త్రవ్వకము ప్రారంభించెను. ఆయనకు సాహసము కలదు, అనుమతి కలదు. చాలినంత ధనము మాత్రము లేదు. రెండేండ్లలోనే తన హక్కును ఇతరులకు అప్పగింపవలసి వచ్చెను.

తరువాత 1880లో జాన్ టేలర్ సంస్థ ప్రవేశించెను. దాని ఆధ్వర్యమున నడచిన మైసూరు గని కంపెనీకి సైతము మొదట బంగారము దొరకలేదు. మూలధనము దాదాపు హరించెను. వాటాదారులు మూసివేయుదమనిరి. మిగిలిన కొద్ది సొమ్ముతో మరియొక ప్రయత్నము చేయవలెనని టేలరు వారిని ఒప్పించెను. ప్లమ్మర్ అను గని నిపుణుడు పూర్వులు త్రవ్విన గుంటల జాడననుసరించి లోతునకు పోగా, ఛాంపియన్ అను ప్రసిద్ధమైన బంగారు పొర బయల్పడెను. 1902 నాటికి శివసముద్రము నుండి దాదాపు 147 కిలోమీటర్ల దూరము విద్యుత్తు ఆ గనులకు చేరెను.

ఇందు మనము గ్రహింపవలసినది అదృష్టమును గాదు. మొదటి ప్రయత్నము విఫలమైనను రెండవదానికి కొంత సొమ్ము మిగిలియుండుటయే ఆ కంపెనీని నిలిపెను. ఉన్నదంతయు మొదటి దినముననే ఖర్చు చేసినవానికి రెండవ ప్రయత్నము లేదు. తమకు ముందు పనిచేసిన పామరుల అనుభవమును త్రోసివేయక పోవుటయు రెండవ కారణము.

గనులు నేర్పిన మూడవ పాఠము కూడ కలదు. లోతు మూడు కిలోమీటర్లు దాటెను. రాతిలో బంగారము తగ్గెను. తీయుటకగు ఖర్చు బంగారపు వెలను మించెను. తుదకు 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడినవి. బంగారమైనను సరే, ఖర్చు వెలను దాటినప్పుడు వ్యాపారము నిలువదు.

ఈ లెక్కను మన ఇంటి సరకుతో చూతము. కోలారు టమాటాకు ప్రసిద్ధి. ఒక యువకుడు టమాటా పచ్చడి సీసాలు చేయుచున్నాడనుకొందము. సరకులకు 40 రూపాయలు, సీసాకు 12, రవాణాకు 6, పగిలినవాటికి, తిరిగి వచ్చినవాటికి 5, ఇవి 63. సీసా వెల 80. అంగడివానికి 15 పోగా చేతికి 65 వచ్చును. రెండు రూపాయలు లాభమని అతడు సంతోషించును. కాని తాను, తన తల్లి చేసిన పనికి కూలి 12 వేయలేదు. దానిని కూడ చేర్చిన ఖర్చు 75. సీసాకు 10 రూపాయలు నష్టము. నూరు సీసాలకు వేయి రూపాయలు, పదివేల సీసాలకు లక్ష! లెక్క సరిగా లేనప్పుడు వ్యాపారము పెరుగుటయన నష్టము పెరుగుటయే. అట్టి వ్యాపారములో పొలము సొమ్ము పోసిన అది గుంతలో పోసిన నీరు.

లాభమున్నను రొక్కము లేక మూతబడు వ్యాపారములు కలవు. బెంగుళూరు అంగడివాడు రెండు నెలలకు డబ్బిచ్చును. టమాటా రైతుకు నేడే ఇయ్యవలెను. ఆ రెండు నెలలు గడచుట యెట్లో ముందుగా ఆలోచింపవలెను.

మరి కొనువారిని సంపాదించుట యెట్లు? కృష్ణా జిల్లా ఎలకుర్రులో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము నారంభించిరి. సంగీత సభలలో దానిని జనులకు ఉచితముగా పంచిరి. వాడి చూచినవారు తరువాత కొనిరి. ఆ వ్యాపారమున స్థిరపడిన పిమ్మటనే 1908లో ఆంధ్రపత్రికను స్థాపించిరి. ఇంట గెలిచి రచ్చ గెలువుమను సామెతకు ఇది నిదర్శనము. మన పిల్లలును మొదట ఏబది ఇండ్లకు సరకు నిచ్చి, ఎందరు రెండవమారు అడిగిరో చూడవలెను. మొదటిమారు కొనుట మొగమాటము కావచ్చును. రెండవమారు కొనుటయే నిజమైన మెప్పు. తెలుగు, కన్నడము, తమిళము వినవచ్చు మన సంతలో కొనువాని భాషలో మాటాడగలుగుట మన పిల్లలకు ఖర్చులేని పెట్టుబడి.

కావున పిల్లవాడు పెట్టుబడి అడిగినప్పుడు కోపింపకుడు, వెంటనే ఒప్పుకొనకుడు. నాలుగు ప్రశ్నలడుగుడు. రెండవమారు కొన్నవారెందరు? నీ కూలితో సహా ఒక వస్తువున కగు ఖర్చెంత? ఇంటి లెక్క, వ్యాపారపు లెక్క వేరు పుస్తకములలో నున్నవా? ఎంత సొమ్ము పోయిన పిమ్మట ఆపుదువు? ఆఖరి ప్రశ్నకు జవాబును కాగితముపై వ్రాయించి, తండ్రీ బిడ్డలిరువురు సంతకము చేయుడు. స్నేహితులు భాగస్థులైనచో వారి వాటాలు, పనులు, విడిపోవు విధము కూడ మొదటనే వ్రాసికొనవలెను.

ఈ పరీక్షలో నెగ్గినవానికి సాయము చేయుడు. అప్పుడైనను పొలము జోలికి పోనవసరము లేదు. 2015లో ఆరంభమైన ముద్రా యోజన క్రింద చిన్న వ్యాపారములకు ఆస్తి తాకట్టు లేకయే బ్యాంకులు అప్పు నిచ్చును. ఉద్యం నమోదునకు రుసుము లేదు. తినుబండారములు చేయువారు ఆహార భద్రతా సంస్థ యొద్ద నమోదు తప్పక చేయించుకొనవలెను. బ్యాంకువారును మనమడిగిన లెక్కలనే అడుగుదురు. ఇంటనే సిద్ధపడిన పిల్లవాడు అక్కడ తడబడడు.

పరీక్షలో తప్పిన పిల్లవానిని నిందింపకుడు. చిన్న సొమ్ముతో తెలిసికొన్న తప్పు చదువుతో సమానము. మా పాఠశాలలో లెక్కలు నేర్పుచున్నాము. ఆ లెక్కను నిజాయితీతో వేయు ధైర్యమును ఇంటివద్ద తాము నేర్పవలెనని ప్రార్థించుచున్నాను.