చంటిబిడ్డ యున్న యింట నాలుగేండ్ల బిడ్డ

(బళ్లారియందు జరిగిన తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగపాఠము)



తలిదండ్రుల సభ యనగానే పరీక్షలు, మార్కులు, రుసుములు, హాజరు, వీనిని గూర్చియే మేము మాటలాడుదుమని తాము తలంచి వచ్చియుందురు. ఆ సంగతులను కార్యదర్శిగారు ఇదివరకే విశదముగా చెప్పియున్నారు. మాకు మిగిలిన కొద్ది సమయమును వేరొక విషయమునకు వినియోగింపగోరుచున్నాము. మా శిశుతరగతులలో మూడు నాలుగేండ్ల పిల్లలు కలరు. ఆ వయస్సు పిల్లవాని యింట రెండవ బిడ్డ పుట్టుట సర్వసామాన్యము. ఆ బిడ్డ పుట్టిన నాటినుండి మొదటి బిడ్డకు ఏమి జరుగుచున్నది? ఇదియే నేటి మా ప్రసంగవిషయము.

మిఠాయి పొట్లము బడికి రాకమునుపే ఆ యింట తొట్టిల కట్టిన సంగతి మా ఉపాధ్యాయినులకు తెలిసిపోవును. నిన్నటివరకు తన చెప్పులు తానే విడిచి వరుసలో పెట్టిన పిల్లవాడు ఆయమ్మ చేయి పట్టుకొని వదలడు. ఎప్పుడో మానిన వ్రేలు మరల నోటికి పోవును. చెడ్డీ తడుపుకొనును. తోటివానిని కొరుకును, లేదా మూలను ఊరక కూర్చుండును. చక్కగా మాటలాడు బిడ్డ చంటిపలుకులు పలుకనారంభించును. ఇది రోగము కాదు, మొండితనమును కాదు. ఇంటిలో తన చోటు ఉన్నదా పోయినదా యని బిడ్డ తట్టి చూచుకొనుచున్నాడు. కొన్ని వారములలో, ఒక్కొక్కయెడ కొన్ని నెలలలో, తానే తేరుకొనును. తిట్టినను కొట్టినను అది ఆలస్యమగునే గాని త్వరపడదు. “ఇంత పెద్దవాడివి, సిగ్గు లేదా” యను మాట మఱింత కీడు. వాడు పెద్దవాడైనది తమ్ముడు పుట్టిన ఆ యొక్క దినముననే గదా! నిన్నటికి వాడే ఆ యింట చిన్నవాడు.

చూడవచ్చు బంధువులును ఈ విషయమున కొంత ఆలోచింపవలెను. జుబ్బాలు, వెండి మొలత్రాడు పట్టుకొని నేరుగా తొట్టిల యొద్దకే పోవుదురు. పెద్దబిడ్డను పలుకరించినను “ఇంక నీ పని అయిపోయింది లేరా” యనియో, “నిన్ను తవుడు పోసి కొన్నాము, వీడే అసలు కొడుకు” అనియో హాస్యమాడుదురు. తవుడు మాట మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న పరిహాసము. ఇతర సమయములందు దానివలన హాని లేదు. కాని ఆ నెలలో నాలుగేండ్ల బిడ్డ దానిని నమ్మును. ఆ యొక్క నెల తవుడు సంగతి యెత్తవలదని అవ్వలకును మేనత్తలకును ప్రత్యేకముగా విన్నవించుచున్నాము.

ఇట మన భాషను గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. తెలుగున మేము, మనము అని రెండు మాటలు కలవు. వినువానిని విడిచి చెప్పినచో మేము. కలుపుకొని చెప్పినచో మనము. మా, మన యను భేదమును అట్టిదే. తమిళమునను ఇట్టి భేదము కలదు. మన చుట్టును వినబడు నేటి కన్నడమున రెంటికిని ‘నావు’ అనునదొక్కటే; హిందీలో ‘హమ్’ ఒక్కటే; ఇంగ్లీషునను అంతే. ఇతరులతో “మా బాబు” అనుట సరియే. కాని తల్లి పెద్దబిడ్డతో మాటలాడునపుడు సైతము “మా బాబును ముట్టుకోవద్దు” అన్నచో, ఆ చిన్న మాటతోనే వానిని వాకిటి వెలుపల నిలిపినట్లగును. “మన బాబు ఏడుస్తున్నాడు, చూద్దాం రా” అన్నచో అదే బిడ్డ లోపలికి వచ్చును. ఇది వ్యాకరణమునకై చెప్పుట కాదు. శిశుతరగతిలో ప్రతియేడును వినుచున్నాము. కొందరు పిల్లలు “మా అమ్మకు పాప పుట్టింది” అందురు. కొందరు “మాకు చెల్లెలు పుట్టింది” అందురు. మొదటి మాట చెప్పిన బిడ్డను ఆ నెల కొంచెము దగ్గరకు తీసికొనుడని మా ఉపాధ్యాయినులతో చెప్పుచుందుము.

ఇక మాకు ఎక్కువ చింత కలిగించు సంగతికి వచ్చుచున్నాము. నాలుగేండ్ల బిడ్డకు భాష వచ్చునది ఇంటిలో తనతో ఎవరైనను మాటలాడుటచేతనే. చంటిబిడ్డ పుట్టగనే ఆ మాటల పాలు తగ్గిపోవును. తల్లికి నిద్ర లేదు. అవ్వకు పథ్యపు వంట, వేన్నీళ్లు, సాంబ్రాణి పొగ. తండ్రికి బయటి పనులు. పెద్దబిడ్డకు మిగులునవి ఆజ్ఞలు మాత్రమే: “పో”, “రా”, “అరవకు”, “బాబు లేస్తాడు”. కర్నూలులోనో అనంతపురములోనో ఉన్న బిడ్డకు ఇంటిలో తగ్గిన తెలుగు వీధిలో దొరకును. ఇక్కడ వీధిలో వినబడునది కన్నడము. కన్నడము మనకు పరాయిది గాదు. మన పిల్లలు దానిని చక్కగా నేర్వవలెను, నేర్చుచున్నారు గూడ. కాని తెలుగు మాత్రము ఇంటి గడప లోపలనే దొరకవలెను.

రాజ్యాంగములోని 30వ అధికరణము మనవంటివారికి బడులు పెట్టుకొను హక్కునిచ్చినది. 1956లో ఏడవ సవరణచే చేరిన 350-ఏ అధికరణము, భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గముల పిల్లలకు ప్రాథమికదశయందు మాతృభాషలో బోధన సదుపాయము కలిగింప ప్రయత్నింపవలెనని రాష్ట్రములను ఆదేశించినది. మంచిదే. కాని ఒకటవ తరగతిలో చేరునాటికి బిడ్డ నోట తెలుగున్నపుడే గదా ఆ సదుపాయము పనికివచ్చుట! ఇటీవల కొందరు పిల్లలకు మేము అక్షరములకంటె ముందు మాటలనే నేర్పవలసి వచ్చుచున్నది. అట్టివారి తలిదండ్రులు ఇంట తెలుగువారే. బిడ్డతో మాటలాడుటకు తీరిక లేనివారు, అంతే.

తీరిక ఎక్కడినుండి వచ్చునని తల్లులు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ఈ యూరిలో జీన్సు బట్టలు ఇంటికి తెచ్చుకొని కుట్టు తల్లులు ఎందరున్నారో మాకు తెలియును. కాని చంటిబిడ్డకు పాలిచ్చునపుడు చేతులు ఆగిపోవునే గాని నోరు ఆగిపోదు. ఆ పావుగంటయు పెద్దబిడ్డను ప్రక్కను కూర్చుండబెట్టుకొని కథ చెప్పవచ్చును. ఏ కథ యని వెదకవలసిన పని లేదు. రాజుగారి ఏడుగురు కొడుకులు, ఏడు చేపలు, ఈ కథ తెలియని తెలుగిల్లు లేదు. అందులో ఒక చేప ఎండలేదు. ఏలయన గడ్డివాము అడ్డము వచ్చినది. వాము ఏల తరుగలేదన ఆవు మేయలేదు. ఆవు ఏల మేయలేదన పాలేరు విడువలేదు. కొందరిండ్లలో పాలేరు, కొందరిండ్లలో గొల్లవాడు, ఎవరైనను సరియే. వానికి అవ్వ అన్నము పెట్టలేదు. అవ్వ ఏల పెట్టలేదు? చంటిబిడ్డ ఏడ్చినాడు గనుక. గమనించితిరా? ఒక చంటిబిడ్డ ఏడ్చుటచే ఇంటిపనియంతయు ఆగిపోయిన కథ యది! ఆ నాలుగేండ్లవాని యింట ఆ నెలంతయు జరుగుచున్నదియు అదియే. కడపట చీమకు సైతము తన పక్షమున ఒక మాట చెప్పుకొను సందు ఆ కథలో దొరకినది. పెద్దబిడ్డకు దొరకకుండుట న్యాయము గాదు. ప్రశ్న తల్లి వేయవలెను, జవాబు బిడ్డ చెప్పవలెను. మరునాడు ప్రశ్న బిడ్డది, జవాబు తల్లిది. కారణమును అడుగుటకును చెప్పుటకును ఇన్ని వాక్యములు మా వాచకములలో గూడ ఒక్కచోట లేవు.

దీనికి బదులుగా నేడు అనేక గృహములలో బిడ్డ చేతికి సెల్‌ఫోను ఇచ్చుచున్నారు. బిడ్డ కదలడు, అరవడు, చంటిబిడ్డ నిద్రపోవును, ఇంటిలో హాయిగానే యుండును. కాని ఫోను బిడ్డకు చెప్పునే గాని బిడ్డ మాట వినదు. అందులో వచ్చునదియు చాలవరకు ఇంగ్లీషు పాటలు, హిందీ బొమ్మలు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదిలోపు బిడ్డకు తెర అసలే వలదనియు, మూడు నాలుగేండ్ల బిడ్డకు దినమునకు ఒక గంటకు మించరాదనియు, తక్కువైనకొలది మేలనియు తెలిపినది. అదే సంస్థ లెక్క ప్రకారము ఆ వయస్సున పది మొదలు పదుమూడు గంటల నిద్ర కావలెను. తొట్టిల యున్న గదిలోనే పండుకొన్న బిడ్డకు ఇంత నిద్ర దొరకుట కష్టము. అవ్వ ప్రక్కనో తండ్రి ప్రక్కనో పడుకొనబెట్టుడు. అయితే బిడ్డ పుట్టిన రాత్రియే తల్లి ప్రక్కనుండి తొలగింపక, కొన్ని నెలల ముందునుండియే అలవాటు చేయుడు.

పుట్టింటికి పోవుటను గూర్చి మమ్ము తరచుగా అడుగుచుందురు. 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకు పోయినవి. సరిహద్దు గీత పడినదే గాని వియ్యములు ఆగలేదు. నేటికిని మన కోడండ్లలో పలువురి పుట్టిండ్లు ఆ వైపుననే యున్నవి, పురుళ్లును అక్కడనే. తల్లి పురిటికి పోవునపుడు శిశుతరగతి పిల్లవానిని “బడి పోతుంది” అని ఇక్కడనే నిలిపివేయుట కొందరి యాచారము. మా యభిప్రాయము అడిగినచో, వెంట తీసికొనిపోవుడు. హాజరు పట్టీని మేము చూచుకొందుము. తల్లిని మూడు నెలలు విడిచియుండి, ఆమె తిరిగి వచ్చునప్పటికి ఆమె యొడిలో వేరొక బిడ్డను చూచుట నాలుగేండ్ల బిడ్డకు తగిన శిక్ష గాదు. మఱియు ఆ యింట అవ్వ, తాత, మేనమామ, పిన్నమ్మ, వారి పిల్లలు, గొడ్లు, చేలు, వీధి, అన్నియు తెలుగుననే మాటలాడును. అక్కడ మూడు నెలలు గడిపి వచ్చిన పిల్లల మాటలోని తేడా మాకు మొదటి దినముననే తెలియును. ఆ మూడు నెలలలో మా శిశుతరగతి అంత నేర్పలేదని చెప్పుటకు మాకు సంకోచము లేదు.

తండ్రులకు ఒక్క మాట. రాత్రి పాళీ పనిచేసి వచ్చు తండ్రులు కలరు. అందరికిని ఒకే నియమము చెప్పజాలము. కాని దినమునకు ఒక పని, స్నానమో, రాత్రి భోజనమో, బడికి దింపుటయో, పెద్దబిడ్డకు తండ్రి చేతుల మీదుగా జరుగవలెను, ఆ పని జరుగునంతసేపు మాటలు సాగవలెను. చంటిబిడ్డను తండ్రి ఎత్తుకొని, పెద్దబిడ్డను తల్లికి ఒక పావుగంట విడిచిపెట్టుటయు అంత ముఖ్యమే. దీనిని మఱచుచున్నారు.

ఇద్దరు బిడ్డలను మాత్రము ఒంటరిగా ఒక గదిలో విడువరాదు. పెద్దబిడ్డకు ద్వేషముండునని కాదు. ప్రేమయే యెక్కువ ప్రమాదము. తాను తినుచున్న బొరుగులు తమ్మునికి గూడ పెట్టవలెనని నోట వేయును. ఏడ్చుచున్నాడని తొట్టిలనుండి ఎత్తబోవును. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప నీరు సైతము అక్కరలేదని వైద్యులు చెప్పుచున్నారు; తేనె ఏడాదిలోపు వలదనుచున్నారు; మాటలు త్వరగా వచ్చునని కొందరు అవ్వలు నాకించు వసయు వలదనుచున్నారు. ఈ సంగతిని పెద్దబిడ్డకు గూడ వివరింపవచ్చును. “తమ్మునికి పండ్లు లేవు, అన్నప్రాశన నాటికి నీవు దగ్గర కూర్చుండి తినిపింతువు గాని” అన్నచో వాడు దినములు లెక్కపెట్టుకొనుచుండును. అంతవరకు పొడిబట్ట తెచ్చుట, చేతులు కడుగుకొని వచ్చి తొట్టిల ఊపుట, జోలపాట పాడుట వాని పనులు. పాట తప్పుగా పాడినను దిద్దకుడు.

మఱచిపోకముందు ఇంకొకటి. చంటిబిడ్డకు ఆరవ, పదవ, పదునాలుగవ వారములలో టీకాలు వేయించుటకు అందరును పోవుచున్నారు. పెద్దబిడ్డకు ఐదారేండ్ల నడుమ వేయింపవలసిన డి.పి.టి. బూస్టరు ఆ సందడిలో తప్పిపోవుచున్నది. రెండు కార్డులును ఒకే సంచిలో ఉంచుకొనుడు.

తమనుండి మేము కోరునవి రెండు. ఇంట బిడ్డ పుట్టనున్నపుడు శిశుతరగతి ఉపాధ్యాయినికి ఒక నెల ముందుగా తెలియజేయుడు. మిఠాయి తరువాత పంపవచ్చును. రెండవది, తమ యింటి అవ్వలను, తాతలను శనివారములందు శిశుతరగతికి పంపుడు. ఒక కథ చెప్పి పోవుదురు గాక. చదువు వచ్చియుండవలెనని లేదు. ఎండకు ఇబ్బంది లేకుండ తొమ్మిదిన్నరకు ఆరంభించి పదిన్నరకు ముగింతుము, కుర్చీ వేసియుంచుదుము.