ఒకే కప్పు కింద ఉన్నంత మాత్రాన



నడవలేని తమ్ముణ్ణి అన్న, చూపు లేని చెల్లెలిని అక్క తమ ఇంట ఉంచుకోవడం మనకు కొత్త కాదు. ఆ ఆదరణే వారి పింఛనుకు అడ్డమవుతున్న తీరును నేడు మీ ముందు ఉంచదలచాము.

ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024లో నెలకు 3,000 రూపాయల నుండి 6,000కు పెరిగింది. కానీ అర్హతను నిర్ణయించేటప్పుడు వైకల్యాన్ని వ్యక్తిలో చూస్తారు, పేదరికాన్ని కుటుంబంలో చూస్తారు. కుటుంబ నెలసరి ఆదాయం గ్రామంలో 10,000, పట్టణంలో 12,000 రూపాయలు దాటరాదు. విద్యుత్ వాడకం నెలకు 300 యూనిట్లు మించరాదు. ప్రభుత్వోద్యోగి ఉండరాదు. సచివాలయం నమోదులో అన్న సంసారమూ తమ్ముడూ ఒకే కుటుంబమైతే, అన్న జీతమే తమ్ముడి ఆదాయంగా లెక్కకు వస్తుంది. మూడు పొయ్యిలకు ఒకే మీటరు ఉంటే, ముగ్గురి కరెంటూ ఆ ఒక్కడి మీద పడుతుంది.

పింఛను అందితే తన మందులు తాను కొనుక్కునే మనిషి, అందకపోతే సబ్బు ముక్కకు కూడా చేయి చాచవలసి వస్తుంది. అన్న ఎంత మంచివాడైనా, అడిగి తీసుకోవడం వేరు, హక్కుగా పొందడం వేరు.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 5వ సెక్షన్ వారికి సమాజంలో జీవించే హక్కును ఇచ్చింది. ఫలానా నివాస ఏర్పాటులోనే ఉండాలన్న నిర్బంధం వారికి లేకుండా చూసేందుకు ప్రభుత్వం కృషి చేయాలని చెప్పింది. ఇల్లు కావాలో పింఛను కావాలో తేల్చుకొమ్మనడం ఈ స్ఫూర్తికి విరుద్ధమని మేము భావిస్తున్నాము.

కాగితం మీద దొంగ వేరుకాపురాలు పెట్టమని మేము చెప్పము. నిజంగా వేరు వంట, వేరు సంపాదన ఉన్నచోట మాత్రం ఆ వాస్తవం నమోదు కావాలి. సచివాలయానికి వెళ్లి మీ కుటుంబంగా ఎవరెవరి పేర్లు ఉన్నాయో చూసుకోండి. తప్పుంటే అర్జీ వ్రాసి, రసీదు తీసుకోండి. వీలైతే వేరు మీటరు పెట్టించుకోండి. పింఛను నిరాకరిస్తే కారణం వ్రాతపూర్వకంగా కోరండి. అక్కడ న్యాయం జరగకపోతే దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

వయోజనుడైన దివ్యాంగుణ్ణి, ఎవరి ఇంట ఉన్నా, ప్రత్యేక యూనిట్‌గా లెక్కించాలి. ఇదే మన డిమాండు. దీనిని కలసికట్టుగా అడుగుదాం.