పశువుల వెంట నడిచే పిట్ట

(సభ్య సంఘాల ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వెన్న శాతం గురించి, దాణా ధర గురించి, గాలికుంటు టీకాల గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉన్నాము. ఈవేళ ఒక పిట్ట గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాము. పాల సంఘానికి పిట్టతో ఏమి పని అని కొందరికి నవ్వు రావచ్చును. కాస్త ఓపిక పట్టండి, పని ఉన్నది.

వానాకాలం వెనకబడే రోజుల్లో, గేదెలు చెరువు శిఖంలో మేస్తూ ఉంటే, వాటి కాళ్ళ మధ్య సన్నని పిట్టలు పరుగులు తీయడం మీరందరూ చూసే ఉంటారు. పొడుగాటి తోక ఒక్క నిమిషం కూడా ఊరుకోదు, కిందికీ పైకీ ఊగుతూనే ఉంటుంది. పిచ్చుకలాగా గెంతదు, మనలాగా ఒక్కొక్క అడుగూ వేసి నడుస్తుంది. దీనిని కాటుకపిట్ట అంటారు. మన కవులు ఖంజరీటమని పిలిచి ఆడవారి కళ్ళకు పోల్చినది దీనినే. మీ ఊళ్ళో ఇంకొక పేరు ఉండవచ్చును. తోక ఆడించే పిట్ట అంటే మాత్రం పశువుల కాపరి పిల్లవాడు కూడా చూపించగలడు.

వీటిలో చాలా రకాలు ఉన్నాయి. పశువులను అంటిపెట్టుకొని తిరిగేది ముఖ్యంగా పసుపు రంగు పొట్ట గల రకం. బరువు సుమారు 17 గ్రాములు. ఇంత చిన్న ప్రాణి మన ఊరిది కాదంటే నమ్మబుద్ధి కాదు. సైబీరియాలో, మధ్య ఆసియా పచ్చిక బయళ్ళలో వేసవిలో పిల్లలను చేసుకొని, అక్కడ చలి ముదరక ముందే బయలుదేరి, ఆగస్టు చివర నుండి మన దేశానికి చేరుతుంది. పశ్చిమ సైబీరియా నుండి హైదరాబాదుకు తిన్నగా కొలిచినా 4,000 కిలోమీటర్లు ఉంటుంది. మార్చి, ఏప్రిల్ నెలలలో మళ్ళీ అంత దూరమూ తిరిగి పోతుంది.

అక్కడ కూడా అది నేలను వదలదు. తడి పచ్చికలో గడ్డి దుబ్బు చాటున నేలమీదే గిన్నెలాంటి గూడు కట్టి, లోపల వెంట్రుకలు, ఉన్ని పరుచుకుంటుంది. నాలుగు నుండి ఆరు గుడ్లు పెడుతుంది. పన్నెండు రోజులు అటూ ఇటూగా పొదుగుతుంది. పిల్లలు పూర్తిగా ఎగరడం రాక ముందే గూడు దిగి గడ్డిలో దాక్కుంటాయి. నేలమీద పెరిగే పిల్లలకు అంతకన్నా వేరే రక్షణ లేదు.

ఇంత దూరం వస్తున్నదని ఎవరు చూశారు అని అడగవచ్చును. పట్టుకొని కాలికి నంబరు గల చిన్న ఉంగరం తొడిగి వదిలిపెట్టే పద్ధతి ఒకటి ఉన్నది. మన దేశంలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం వారు డాక్టర్ సలీం అలీ గారి ఆధ్వర్యంలో 1959 నుండి ఈ పనిని పెద్ద ఎత్తున సాగించారు. పసుపు కాటుకపిట్టలకు వేల సంఖ్యలో ఉంగరాలు పడ్డాయి. అన్నిటిని పట్టడం సాధ్యమైనదంటే కారణం వాటి అలవాటే. పగలు విడివిడిగా తిరిగే పిట్టలు సాయంత్రం కాగానే చెరకు తోటలోనో రెల్లు పొదలోనో వేలాదిగా చేరి నిద్రపోతాయి. ఈ జాతిలోనే బూడిద రంగు వీపు గల మరొక రకం ఉన్నది. ఉంగరం తొడిగిన అటువంటి పిట్ట ఒకటి కొన్నేళ్ళ పాటు ప్రతి శీతాకాలం బొంబాయిలో ఒకే చిన్న పచ్చిక స్థలానికి తిరిగి వచ్చింది. మన ఎడ్లు చీకట్లో కూడా ఇల్లు చేరుతాయని గొప్పగా చెప్పుకుంటాము. ఇది ఎంతో దూరం నుండి వచ్చి తన జాగా పోల్చుకున్నది!

ఇక దీని తిండి సంగతి. పశువు అడుగు వేసినప్పుడు గడ్డిలోంచి లేచే పురుగులను, పేడ మీద వాలే ఈగలను పట్టి తింటుంది. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ పక్కన థేమ్స్ నది ఒడ్డున పోర్ట్ మెడో అనే పశువుల బీడు ఉన్నది. అక్కడ డేవీస్ అనే శాస్త్రజ్ఞుడు ఈ పిట్టలు పేడ కుప్పల దగ్గర ఎలా మేస్తాయో గమనించి 1977లో ప్రకటించారు. కంటబడిన ప్రతి ఈగనూ ఇది తినదు. చిన్నది పట్టిన శ్రమకు చాలదు, మరీ పెద్దది మింగడానికి ఆలస్యం. సుమారు 7 మిల్లీమీటర్ల ఈగనే ఎక్కువగా ఎంచుకుంటుంది. పేడ కుప్ప దగ్గరకు ఒంటరిగా వెళ్తుంది. ఒకసారి కదిపితే ఈగలు చెదిరిపోతాయి కనుక రెండోదానికి మిగిలేది ఉండదు. నీటి మడుగు దగ్గర మేతకు మాత్రం గుంపుగా చేరుతుంది. దాణా ఖర్చుకూ పాల దిగుబడికీ లెక్క చూసుకునే మనకు ఈ లెక్క కొత్తగా అనిపించదు.

ఒక్క మాట. గోమార్లను ఇది ఏరుతుందని ఆశ పెట్టుకోవద్దు, అది దీని పని కాదు. కొట్టంలోని ఈగలన్నీ దీనివల్ల పోతాయని కూడా మేము చెప్పము.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. ఇంగ్లండులో ఈ పసుపు పిట్ట బాగా తగ్గిపోయి 2009లో అత్యంత ఆందోళనకరమైన పక్షుల ఎర్ర జాబితాకు ఎక్కింది. తడి పచ్చిక బీళ్ళ నుండి నీరు తీసివేయడం, సేద్యం తీరు మారడం అక్కడ చెప్పే కారణాలలో ముఖ్యమైనవి. మన వైపు చెరువు శిఖాలు ఎన్ని ఊళ్ళలో మిగిలాయో మీకే బాగా తెలుసు.

దానికి తోడు మన చేతిలో ఉన్న విషయం ఒకటి ఉన్నది. పశువులలో పురుగుల నివారణకు వాడే ఐవర్‌మెక్టిన్ మందు 1981 నుండి వాడుకలోకి వచ్చింది. మంచి మందే, దానిని కనిపెట్టినవారికి 2015లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. అయితే ఇంజెక్షను ఇచ్చిన పశువు పేడలో ఆ మందు వారాల తరబడి దిగుతూ ఉంటుంది. ఆ పేడలో ఈగ పిల్లలు, పేడ పురుగులు సరిగా ఎదగవు. ఈగ పోతే మంచిదే కదా అనవచ్చును. పేడను భూమిలోకి దించి మట్టిని గుల్ల చేసే పేడ పురుగు కూడా దానితో పోతుంది. ఈ మందు పాలలోకి కూడా వస్తుంది. పాలిచ్చే పశువుకు డాక్టరు చెప్పకుండా దుకాణంలో కొని వేయకూడదనడానికి ఈ ఒక్క కారణం చాలు.

మరి చెరువు వెంట మేసే గేదెకు కార్జపు జలగ పడుతుంది, మందు వేయకపోతే ఎలా అని అడుగుతారు. వేయాలి. కాని ముందు పేడను పశువుల ఆసుపత్రికి పట్టుకెళ్ళి పరీక్ష చేయించాలి. జలగకు ఐవర్‌మెక్టిన్ పని చేయదు, దానికి మందు వేరు. పరీక్ష చేయించకుండా వేస్తే డబ్బు పోతుంది, జలగ మిగులుతుంది. పశువుకు వేసిన మందు పక్షిని చంపడం వింత కాదు. నొప్పికి వాడే డైక్లోఫెనాక్ వల్ల రాబందులు తుడిచిపెట్టుకుపోయాక 2006లో పశువులకు దానిని నిషేధించారు. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో నిషేధించారు.

పెంటకుప్ప మీద పురుగుమందు చల్లే అలవాటు కూడా కొన్నిచోట్ల మొదలైంది. దాని బదులు పేడను గోతిలో వేసి మట్టి కప్పితే ఈగ తగ్గుతుంది, ఎరువు సారమూ నిలుస్తుంది. గోబర్ గ్యాసు ఉన్నవారికి ఈ బాధే లేదు.

పిట్టలను చూడదలచినవారు సంక్రాంతి దాటాక చూడండి. శీతాకాలమంతా వెలిసిన రంగులో ఉన్నవి ఆ తర్వాత ఈకలు మార్చుకొని, మార్చి నాటికి పసుపు కొమ్ములాగా మెరుస్తాయి. ఏప్రిల్‌లో కనిపించకుండా పోతే ప్రయాణం కట్టాయని అర్థం. కనుబొమ తెల్లగా, వీపు నల్లగా ఉండి, వేసవిలో కూడా బావి గట్టున తిరిగే పెద్ద రకం ఒకటి ఉన్నది. అది మన దేశంలోనే కాపురం ఉండేది, ఎక్కడికీ పోదు. దానిని చూసి వలస పిట్టలు ఇంకా వెళ్ళలేదని అనుకోవద్దు.